రెయిన్ అంటే ఏ వాన?

(బి.యస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మన యూనియన్ సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదకవర్గంలో ఉన్న మిత్రుడొకడు రెండు వారాలుగా నా వెంట పడుతున్నాడు. "సైన్సు విద్యార్థివి కదా, అంతరిక్షం మీదనో అణుశక్తి మీదనో వ్రాయరాదూ" అని సలహా కూడా ఇచ్చాడు. అంతరిక్షం గురించి నాకు తెలిసిందంతా పరీక్షకు చదివిందే. పరీక్ష అయిన మరునాటికి అది కూడా నాలో మిగలదు. కనుక దెబ్బ తగిలి తెలుసుకొన్న సంగతి ఒకటి వ్రాస్తున్నాను. అది నాలుగక్షరాల ఇంగ్లీషు మాట. రెయిన్.

ఈ మాటతో నా తగువు ఆరవ తరగతిలోనే మొదలైంది. ఇంగ్లీషు అయ్యవారు డిక్టేషన్ చెబుతూ "రెయిన్" అన్నారు. నేను వ్రాసిన స్పెల్లింగుకు అర్థం ఏలుబడి అట. నా పక్కవాడు వ్రాసినదానికి గుర్రపు కళ్లెం అట. ఇద్దరికీ చెరొక దెబ్బ పడింది. చెవికి ఒక్కటే మాట, కాగితం మీద మూడు మాటలు! వాననూ, ఏలుబడినీ, కళ్లేన్నీ ఒకే పలుకుతో పిలిచేవాళ్లు ఎట్లాంటి మనుషులో అని ఆ రోజు విసుక్కొన్నాను గాని, తర్వాత ఆలోచిస్తే మా ఊరికి మాత్రం ఆ మూడూ ఒకటే అనిపించింది. మాది అనంతపురం జిల్లా, కల్యాణదుర్గం పక్క. మా దగ్గర ఏలేదీ వానే, కళ్లెం పట్టుకొనేదీ వానే.

డిగ్రీ మొదటి సంవత్సరంలో మళ్లీ అదే మాట ఎదురైంది. ఇంగ్లీషు పరీక్షలో ఆ మాటకు అర్థం వ్రాసి, పర్యాయపదాలు నాలుగు వ్రాయమన్నారు. షవర్, డ్రిజిల్, డౌన్‌పోర్, క్లౌడ్‌బరస్ట్ అని వ్రాశాను. మార్కులు వేశారు. పేపర్లు పంచేటప్పుడు మాత్రం మా లెక్చరర్ గారు ఒక మాటన్నారు: "మార్కులు వేశాను గాని, ఇవి ఒకదానికొకటి బదులు కావు. అన్నదమ్ములంటే ఒకే మనిషి అని కాదు కదా." ఆ మాట పట్టుకొని లైబ్రరీకి పోయాను. నిజమే. వాతావరణ శాస్త్రంలో డ్రిజిల్ అంటే అర మిల్లీమీటరు కంటే సన్నని చుక్కలు. అంతకు పెద్దవైతేనే రెయిన్. పెద్ద చుక్క అయిదు మిల్లీమీటర్ల దాకా పెరిగి సెకనుకు 9 మీటర్ల వేగంతో దిగుతుంది. అంతకు మించితే గాలి ఒత్తిడికి తనంత తానే చీలిపోతుంది. షవర్ అంటే కుప్పలుగా పెరిగే మేఘంలోంచి ఉన్నట్టుండి మొదలై, ఉన్నట్టుండి ఆగేది. క్లౌడ్‌బరస్ట్‌కు మన దేశపు వాతావరణ శాఖ పెట్టుకొన్న హద్దు గంటకు 100 మి.మీ. మా ఉమ్మడి జిల్లాకు ఏడాదంతా కలిపి పడే సగటు వాన సుమారు 550 మి.మీ. పడమటి కనుమలు మబ్బులోని నీటిని అవతలి వైపే పిండుకొని మాకు పిప్పి పంపుతాయి. చిరపుంజిలో 11,000 దాటుతుందని చదివితే నాకు అసూయ కలగలేదు, భయం వేసింది.

ఇంగ్లీషువాళ్లకు వాన మీద ప్రేమ తక్కువ అని నా అభిప్రాయం. వాళ్ల పసిపిల్లల పాటలో వానను పొమ్మంటారు, ఇంకో రోజు రమ్మంటారు. మా చెల్లెలు కాన్వెంటులో చేరిన కొత్తలో చేతులు ఊపుకుంటూ ఆ పాట పాడుతూంటే, జేజి అర్థం అడిగింది. చెల్లెలు చెప్పింది. జేజి చేతిలోని చేట కింద పెట్టి, "ఈ ఇంట్లో వానను పో అనే నోరు యాడిది?" అని లేచింది. పాట ఆ రోజుతో ఆగిపోయింది. వాన కోసం విరాటపర్వం చదివించుకొనే పల్లెలు మావి. అక్కడ ఆ పాట పాడడమంటే ఇంటికొచ్చిన చుట్టాన్ని గడప దగ్గరే తిప్పి పంపడం. ఇంకొక నుడికారం చూడండి. కష్టకాలానికని దాచుకొన్న డబ్బును వాళ్లు "రెయినీ డే" కోసం దాచిందంటారు. వాన రోజు వాళ్లకు చెడ్డ రోజు! మా అమ్మ డబ్బాలో దాచే డబ్బు వాన పడని రోజులకోసం.

మన మాటలకు వస్తాను. వర్షం, వృష్టి అనేవి పుస్తకం మాటలు. అమరకోశంలో జడివానకు ఆసారం, గాలికి ఎగిరే నీటి తుంపురుకు శీకరం, వడగంటికి కరక అని వేరువేరు పేర్లున్నాయి. వాన పడకుండా అడ్డుపడడానికి కూడా అవగ్రహం అని ఒక పేరు పెట్టారు. వర్షం అన్న మాటకు సంస్కృతంలో సంవత్సరం అని కూడా అర్థం. అబ్దం అన్నా అంతే, మేఘమూ అదే, ఏడాదీ అదే. అంటే వయస్సును వానలతో లెక్కపెట్టుకొన్నారన్నమాట. ఆ లెక్కన మా ఊర్లో కొందరికి ఇరవై ఏళ్లకు పన్నెండేళ్లే వస్తాయి.

ఇక మా ఇంట్లో వినపడేవి వేరు. చినుకు, తుంపర, జల్లు, సోన, జడి, ముసురు, గాలివాన, కుండపోత. సోన అంటే సన్నగా, చప్పుడు లేకుండా, పొద్దస్తమానం పడేది. ముసురు అంటే ఆకాశం మూసుకొని రెండు మూడు రోజులు తెరిపి ఇవ్వనిది. వాన ఆగడానికి మనకు ప్రత్యేకంగా ఒక క్రియ ఉంది, "వెలిసింది" అంటాము. బస్సు ఆగుతుంది, గడియారం ఆగుతుంది, వాన మాత్రం వెలుస్తుంది. ఇవన్నీ మీకూ తెలిసినవే. అయితే మా నాయన నోట వీటన్నిటికంటే ఎక్కువగా వినపడే మాట ఒకటుంది. అది వాన పేరో కాదో నాకు చాలా రోజులు తెలియలేదు. పదును.

తెలియకపోవడం వల్ల ఏమైందో చెబుతాను.

2023 జూలై నెలాఖరు. నేను ఇంటర్ పూర్తి చేసి డిగ్రీ సీటు కోసం ఎదురుచూస్తూ ఇంటి దగ్గర ఉన్నాను. పుష్యమి కార్తె నడుస్తోంది. శెనక్కాయ వేయడానికి అదును దాటిపోతోందని ఊరంతా ఆకాశం వైపు చూస్తున్నారు. విత్తనానికి కాయలు ఒలిచి, మందు పట్టించి సిద్ధంగా ఉన్నాము. ఒలిచి ఒలిచి అమ్మకూ జేజికీ బొటనవేళ్లు పగిలాయి. సబ్సిడీ మూటలు చాలక మిగతావి బయట కొన్నాము. దానికోసం అమ్మ కమ్మలు టౌనులో ఒక బ్యాంకుకు చేరాయి. అంతకు నాలుగు రోజుల ముందు ఒక వాన పడి చేను బెత్తెడు లోతు తడిసింది. నాయన మడమతో మట్టి గీకి చూసి, "ఇది చాలదు. దీని మీద ఇంకొకటి పడితే ఇత్తచ్చు" అన్నాడు.

ఆ సాయంత్రం నా ఫోనులో వాతావరణ సూచన వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. లైట్ టు మాడరేట్ రెయిన్ ఎట్ ఐసొలేటెడ్ ప్లేసెస్.

"ఏమంటాదిరా మీ ఇంగ్లీషు?" అన్నాడు నాయన.

"వాన ఉంది నాయనా. రేపో ఎల్లుండో పడతాది" అన్నాను.

ఆ వాక్యంలో ఏడు మాటలుంటే నేను ఒక్కటే చెప్పాను. మిగిలిన ఆరూ నా కంటికి కొసరుగా కనిపించాయి. ఇంటర్లో ఇంగ్లీషుకు నాకు తొంభై దాటి మార్కులొచ్చాయని ఇక్కడ చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను. నాయన మామూలుగా అయితే వీధిలో ఎవరైనా వాన వస్తాదన్నప్పుడు "ఏం వాన?" అని అడిగే మనిషి. ఆ రోజు అడగలేదు. చెప్పింది చదువుకొన్న కొడుకు కదా. జేజి కూడా, "పుష్యమి తప్పదులే, నా ఎరుకలో తప్పలేదు" అని అడ్డదారిలో ధైర్యం చెప్పింది. మరునాడు పొద్దున్నే గొర్రు కట్టారు. పగటికంతా నాలుగెకరాలూ విత్తడం అయిపోయింది.

రెండో రోజు సాయంత్రం మోడం వేసింది. చల్లగాలి కొట్టింది. నేను మిద్దె మీద నిలబడి, ఏదో నేనే తెప్పిస్తున్నట్టు గర్వంగా చూస్తున్నాను. పడింది. చొక్కా తడిసింది. చొక్కా లోపలి బనియను తడవలేదు. పావుగంటకు వెలిసింది.

అదే పొద్దు మాకు రెండు మైళ్ల దూరంలో ఉన్న ఊర్లో మంచి వాన పడింది. వంక పారిందట. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి, సూచన తప్పు కాలేదు. వాతావరణ శాఖ లెక్కలో "ఐసొలేటెడ్" అంటే ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాలు నూరు ఉంటే, ఇరవై అయిదుకు మించని చోట్ల పడడం. ఇరవై ఆరు నుంచి యాభై దాకా అయితే "స్కాటర్డ్" అనే మాట వాడతారు. డెబ్బై అయిదు దాటితేగాని అంతటా అనే అర్థం వచ్చే మాట వాడరు. మన ఆకాశవాణిలో "ఒకటి రెండు చోట్ల" అని వినపడేది ఈ ఐసొలేటెడే. చిన్నప్పటి నుంచీ వింటున్నాను గాని, ఆ ఒకటి రెండు చోట్లకు వెనక ఒక లెక్క ఉందని నాకు తెలియదు. నాలుగు చోట్లలో ఒక చోట కూడా గట్టిగా పడదని చెప్పిన సూచనను నేను మా చేను గట్టు దాకా మోసుకొచ్చి పోశాను.

తర్వాతిది త్వరగా చెప్పేస్తాను. ఉన్న కొద్ది తడికి గింజ ఉబ్బి మొలక పగిలింది. గింజ నీళ్లు పీల్చుకొని మొలక కదిలిందంటే దాన్ని తిరిగి నిద్రపుచ్చలేము. వృక్షశాస్త్రంలో అది నాకు రెండు మార్కుల ప్రశ్న. ఆ ఏడు ఆగస్టు నెలలో దేశం మొత్తం మీద పడిన వాన, 1901 నుంచి లెక్కలున్న ఆగస్టు నెలలన్నిట్లోకీ తక్కువ. మామూలు కంటే నూటికి ముప్పై ఆరు పాళ్లు తక్కువ. ఆశ్లేష పోయింది, మఖ పోయింది. సాళ్లలో పచ్చగా లేచినవి పసుపు రంగుకు తిరిగి, ఆ తర్వాత ఏ రంగూ లేకుండా పోయాయి. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని సామెత. ఉత్తర కార్తెలో మా వీధిలో రెండు కుటుంబాలు నిజంగానే గంపలెత్తుకొని బెంగుళూరు బస్సెక్కాయి. మేము ఆ చేనులోనే ఉలవలు చల్లాము.

నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో. ఒక రాత్రి నేను నిద్రపోయాననుకొని అమ్మతో అంటూంటే విన్నాను: "వాడు వాన అన్న్యాడు. ఏం వాన అని నేనన్నా అడిగింటే పోయుండేది." తప్పును నా మీద నుంచి తీసి తన మీద వేసుకొన్నాడు. నెల తిరగకుండా నేను పెట్టె సర్దుకొని ఈ కాలేజీలో చేరాను. మొదటి ఫీజు ఎట్లా కట్టామో ఆ వివరం ఈ సంచికకు అక్కరలేదు.

హాస్టల్లో కుదురుకొన్నాక, ఆ సూచనలో నేను వదిలేసిన మాటల వెంట పడ్డాను. "లైట్ రెయిన్" అంటే ఇరవై నాలుగు గంటల్లో 2.5 నుంచి 15.5 మి.మీ. దాకా పడే వాన. "మాడరేట్" అంటే 15.6 నుంచి 64.4 దాకా. 64.5 దగ్గర "హెవీ" మొదలవుతుంది, 115.6 దగ్గర "వెరీ హెవీ", 204.5 దగ్గర అన్నిటికంటే పెద్దది. అసలు 2.5 మి.మీ. పడితేనే దాన్ని వాన రోజు కింద లెక్క వేస్తారు. దినం అంటే కూడా అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కాదు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి మరునాటి ఎనిమిదిన్నరకు.

అంకెలు చూస్తే నాయనకు అర్థం కాదు అనుకొని (ఇది కూడా నా గర్వమే) వాటిని ట్యాంకర్లలోకి మార్చాను. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు మీటరు మీద పడితే ఒక లీటరు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. మాకు ఎండాకాలంలో నీళ్లు తెచ్చే ట్యాంకరు 5,000 లీటర్లది. కాబట్టి 2.5 మి.మీ. అంటే ఎకరానికి రెండు ట్యాంకర్లు. 15.5 అంటే పన్నెండున్నర. మాడరేట్ అనేది అక్కడ నుంచి యాభై రెండు ట్యాంకర్ల దాకా పోతుంది! ఇంత లెక్క వేశాక కాగితం ముందు పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. "లైట్ టు మాడరేట్" అని నా ఫోను చెప్పినప్పుడు, ఎకరానికి రెండు ట్యాంకర్లకూ యాభై రెండు ట్యాంకర్లకూ మధ్య ఏదో ఒకటి పడవచ్చు, అదీ నాలుగింట ఒక చోట మాత్రమే అని చెప్పింది. నేను దాన్ని "వాన ఉంది నాయనా" అని అనువాదం చేశాను.

వాతావరణ శాఖను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఎక్కడెంత పడుతుందో ముందుగా చెప్పడం ఎంత కష్టమో ఫిజిక్సు చదువుతున్నవాడిగా నాకు కొంచెం తెలుసు. ఒక మబ్బు రెండు మైళ్లు అటు జరిగితే ఒక ఊరి రాత మారుతుంది. వాళ్ల మాటలకు కొలతలున్నాయి. వాటిని తెలుసుకోకుండా మామూలు మాటల్లాగా వినడం నా తప్పు. అయితే వాన కొలత మనకు కొత్తదేమీ కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సేద్యం చూసే అధికారికి సీతాధ్యక్షుడని పేరు. ఏ నేలకు ఎన్ని ద్రోణాల వాన అని ఆ అధ్యాయంలో లెక్క చెప్పి, దాన్ని విత్తనంతో ముడిపెట్టారు. కొలవడం ఆనాడే ఉంది. కొలతను విత్తనానికి ముడిపెట్టడం అన్నది నన్ను ఆకర్షించింది.

2024 వేసవి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పని చేశాను. జేజి పాత స్టీలు డబ్బా ఒకటి, గోడలు నిటారుగా ఉన్నది, అడిగి తీసుకొన్నాను. వాన కొలవడానికి డబ్బా మూతి ఎంత వెడల్పున్నా ఫరవాలేదు. మూతీ అడుగూ ఒకే కొలతలో ఉంటే చాలు, నిలిచిన నీటి లోతే వాన. చేను మధ్యలో, చెట్టు నీడ పడని చోట, మూడు రాళ్ల మధ్య దాన్ని నిలబెట్టాము. ఒక నోటుపుస్తకానికి నాలుగు గడులు గీశాను. తేదీ, మిల్లీమీటర్లు, నేల ఎంత లోతు తడిసింది, నాయన ఏమన్నాడు. నేను తిరిగి హాస్టలుకు వచ్చేశాక పొద్దున్నే ఎనిమిదిన్నరకు స్కేలు పట్టుకొని పోయే బాధ్యత చెల్లెలిది. నెలకు పది రూపాయలు జీతం. మూడో నెలకే పదిహేను అడిగింది.

నేను అనుకొన్నదేమంటే, కొన్నాళ్లకు నాయన మాటలకు సరిపడే అంకెలు దొరుకుతాయని. ఇంతనుంచి ఇంతదాకా జల్లు, ఇంతనుంచి ఇంతదాకా పదును అని ఒక పట్టిక తయారుచేసి గోడకు అతికిద్దామనుకొన్నాను. చిన్న వానల్లో అట్లాగే కుదిరింది కూడా. రెండు మూడు మిల్లీమీటర్లు పడ్డప్పుడల్లా నాలుగో గడిలో "దుమ్ము అణిగింది" అనే ఉంది. పట్టిక పాడైంది పెద్ద వానల దగ్గర.

ఒక రాత్రంతా సన్నగా పడి తెల్లవారేసరికి డబ్బాలో 28 మి.మీ. ఉంది. నాయన గడ్డపార వేసి చూస్తే జానెడు పైన తడి. నాలుగో గడిలో "పదును" అని వ్రాయించాడు. ఇంకొక నెలకు ఒక సాయంత్రం అరగంటలో ఉరుములతో దిగింది. డబ్బాలో 31. చెల్లెలు సంబరంగా ముందే "పదును" అని వ్రాసేసింది. నాయన చేను తిరిగొచ్చి అది కొట్టివేయించాడు. "వాన పడింది గాని పదును కాలేదు" అని వ్రాయమన్నాడు. నీళ్లన్నీ వంకకు పోయాయి. నేల తడిసింది నాలుగు వేళ్లు. మాది ఎర్రనేల. పెద్ద చినుకులు దబదబ పడితే పైపొర చితికి బిళ్ల కడుతుంది, కింది మట్టి తాగే లోపల పైనీరు జారిపోతుంది. మూడు మిల్లీమీటర్లు ఎక్కువ పడిన వాన తక్కువ వాన అయింది!

నేను ఫోనులో వాదించాను. 28 కంటే 31 పెద్దది కదా అన్నాను. నాయన నవ్వి, "నీ డబ్బాలో విత్తనమేస్తే అంతే" అన్నాడు.

దసరా సెలవులకు పోయినప్పుడు ఆయనతోపాటు చేను చుట్టూ తిరిగి అడిగి తెలుసుకొన్నాను. పదును వాన పడేటప్పుడు ఉండదు. వాన వెలిసిన మరునాడు వస్తుంది. కొన్ని నేలల్లో మూడో నాడు వస్తుంది. మట్టి పిడికెడు తీసుకొని నొక్కితే ముద్ద కావాలి, ముద్దను నడుము ఎత్తు నుంచి వదిలితే నేల మీద పడి విడిపోవాలి. విడిపోకపోతే ఇంకా తడి ఎక్కువ, గొర్రుకు మట్టి అంటుకొంటుంది. ముద్దే కాకపోతే తడి చాలదు, లేదా పదును ఆరిపోయింది. ఆ రెంటికీ మధ్య ఒకటి రెండు రోజులే. అందుకే "అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు" అన్నారు. కత్తికీ పదునే, నేలకూ పదునే. రెండూ ఊరికే పోతాయి, చూస్తూండగానే.

అప్పుడు నాకు పరీక్ష పేపరు గుర్తుకొచ్చింది. రెయిన్ అన్న మాటకూ, దాని అన్నదమ్ములన్నిటికీ, చినుకు ఎంత లావు, ఎంత జోరు, ఎంతసేపు అన్నదే కొలత. కొలత అంతా ఆకాశం నుంచి డబ్బా దాకానే. అక్కడితో వాళ్ల పని అయిపోయింది. నాయన పదును మొదలయ్యేది అక్కడ. వ్యవసాయ కళాశాలలో చదివే మిత్రుడొకడు చెప్పాడు, వాళ్ల పాఠాల్లో "ఎఫెక్టివ్ రెయిన్‌ఫాల్" అని ఒకటి ఉందట. పడిన వానలో పారిపోయింది పోగా పైరుకు పనికివచ్చేది. దాన్ని విన్నప్పుడు పోగొట్టుకొన్న చుట్టం కనిపించినట్టయింది. ఇంగ్లీషును అనవసరంగా తిట్టాను. అయితే ఆ మాట పాఠ్యపుస్తకం దాటి నాయన చేతిలోని ఫోను దాకా రాలేదు. వచ్చినా అది వాన ఎంత అని చెబుతుంది గాని, ఎల్లుండి పొద్దున గొర్రు కట్టవచ్చా అన్నదానికి జవాబు చెప్పదు. దానికి వంగి పిడికెడు మట్టి తీయాల్సిందే.

ఇప్పుడు మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం కుదిరింది. సూచన వచ్చినప్పుడు నేను హాస్టలు నుంచి ఫోను చేసి, వాక్యంలోని మాటలన్నీ ఒకటి కూడా వదలకుండా చెబుతాను. నూటికి ఎన్ని చోట్ల, ఎకరానికి ఎన్ని ట్యాంకర్ల నుంచి ఎన్ని ట్యాంకర్ల దాకా, ఉరుములున్నాయా లేవా. వాన పడతాదా అని ఆయన అడగడు. పడతాదని నేను అనను. నేను చెప్పిందంతా విని, "సరే, చూస్తాలే" అంటాడు. 2024లో ఆయన రెండు సూచనలను వదిలిపెట్టి మూడోదానికి విత్తాడు. దిగుబడి గొప్పగా ఏమీ రాలేదు, పెట్టుబడి వచ్చింది. అమ్మ కమ్మలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. ప్రతి ఏడూ వడ్డీ కట్టి తిరగ వ్రాయిస్తున్నాము.

గోడకు అతికిద్దామనుకొన్న పట్టిక తయారు కాలేదు. నోటుపుస్తకం మాత్రం సగం నిండింది. జేజి తన డబ్బా ఎప్పుడిస్తావని అడుగుతూనే ఉంది. చెల్లెలు జీతం ఇరవైకి పెరిగింది.

ఈ వ్యాసం చివరి పేజీలో ఉండగా ఇంటి నుంచి ఫోను వచ్చింది. చెల్లెలు. రాత్రి వాన పడిందట, డబ్బాలో 9 మి.మీ. ఉందట.

"లైట్ రెయిన్" అన్నాను అలవాటు కొద్దీ. "నాయన ఏమన్నాడు?"

"ఇంకా ఏమీ అనలేదు. చేనికి పోయినాడు. ఆ గడి ఖాళీగా పెట్టినా" అంది.